రంగు గన్ను నుంచి మందు పంపు దాకా: చార్జి ఎక్కిన తుంపర కథ

(అనకాపల్లిలో జరిగిన సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



‘ఎలక్ట్రోస్టాటిక్ స్ప్రేయర్’ అనే మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. మందు సగం చాలు, ఆకు అడుగుకు కూడా అంటుకుంటుంది అని చెబుతారు. అందులో నిజం ఉంది. ఎంతవరకు నిజమో తెలియాలంటే ముందు రంగు వేసే షెడ్డుకు వెళ్లాలి.

గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లినవాళ్లు బీరువాలకు, బండి భాగాలకు గన్నుతో రంగు కొట్టడం చూసే ఉంటారు. మామూలు గన్నుతో కొడితే చాలా రంగు గాలిలో కలిసిపోతుంది. 1940లలో అమెరికాలో ఇండియానాపోలిస్‌కు చెందిన హెరాల్డ్ రాన్స్‌బర్గ్ దీనికి విరుగుడుగా రంగు తుంపరకు విద్యుత్ చార్జి ఎక్కించే పద్ధతి తెచ్చాడు. నూనె లేని తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది కదా, అదే సూత్రం. గన్ను మూతి దగ్గర సూది లాంటి కడ్డీ ఉంటుంది. దానికి 30 వేల నుంచి లక్ష వోల్టుల దాకా ఇస్తారు, కానీ కరెంటు మాత్రం అతి స్వల్పం. రంగు వేయాల్సిన వస్తువును ఇనప కొక్కేనికి వేలాడదీసి ఎర్త్ చేస్తారు. చార్జి ఉన్న చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడిపోతాయి, ఎర్త్ అయిన ఇనుమువైపు లాగబడతాయి. ముందు నుంచి కొట్టినా కొంత రంగు చుట్టూ తిరిగి వెనక వైపుకూ అంటుకుంటుంది.

అయితే రంగు పనివాళ్లను అడగండి, ఇంకో సంగతి చెబుతారు. పెట్టె లోపలి మూలలకు రంగు సరిగా పోదు. చుక్కలన్నీ ముందుగా ఎదురైన అంచులకే అంటుకుంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి, పొలంలో మనకు పనికొస్తుంది.

ఇక మొక్క సంగతి. ఆకులో నీరు, లవణాలు ఉంటాయి, వేరు తడి నేలలో ఉంటుంది. అంటే మొక్క పుట్టుకతోనే ఎర్త్ అయి ఉంది! జార్జియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ లా దీన్ని ఆధారం చేసుకుని పొలానికి తగిన నాజిల్ తయారుచేశారు. అందులో లక్ష వోల్టులు అక్కర్లేదు. తుంపర బయటికొచ్చే చోట చిన్న రింగు ఉంటుంది, దానికి సుమారు వెయ్యి వోల్టులు ఇస్తే చాలు. జోరుగా వచ్చే గాలి చుక్కను చిన్నదిగా చేసి, ముందుకు తోస్తుంది, రింగును తడవకుండా ఉంచుతుంది. చుక్క చిన్నది కావడం ముఖ్యం. వ్యాసం సగమైతే అదే నీటికి ఎనిమిది చుక్కలవుతాయి. వంగలో, బెండలో తెల్లదోమ ఉండేది ఆకు అడుగునే కదా, చార్జి ఉన్న సన్న తుంపర అక్కడికి చేరుతుంది. మామూలు పంపు పెద్ద చుక్కలు ఆకు మీద కలిసి జారి నేల మీద పడతాయి. ఆ మందు డబ్బూ మనదే, ఆ నేలా మనదే.

మన దేశంలో చండీగఢ్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఎస్‌ఐఓ ఇలాంటి స్ప్రేయర్ తయారుచేసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు దాన్నే గదుల శుద్ధికి మలిచారు. ప్రజల సొమ్ముతో తయారైన పరికరం గదులకు చేరినంత తొందరగా పొలాలకు ఎందుకు చేరలేదని మనం అడగాలి.

కంపెనీల చేతిలో ఏమవుతుందో కూడా చూశాం. బ్రిటన్‌కు చెందిన ఐసీఐ 1980లలో ‘ఎలక్ట్రోడిన్’ అనే చేతి పంపు తెచ్చింది. టార్చి బ్యాటరీలతో నడిచేది, నీళ్లు మోయనక్కర్లేదు. మంచి పరికరమే. కానీ సీసా, నాజిల్ కలిసే వచ్చేవి, లోపల కంపెనీ నింపిన నూనె మందే ఉండేది. వేరే మందు పోయడానికి దారి లేదు. పంపు కొన్నవాడు మందుకు కూడా కట్టుబడిపోయాడు. ఇప్పుడు కొత్త పంపు ఎవరు చూపించినా మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఇందులో బజారు మందు ఏదైనా పోయవచ్చా?

చెరకు రైతులు మాత్రం దీనికోసం తొందరపడనక్కర్లేదు. పీకపురుగు మొవ్వులో, కాండంలో ఉంటుంది, చెద నేలలో ఉంటుంది. చార్జి అక్కడికి పోదు. ఏపుగా పెరిగిన తోటలో పెట్టె మూలల కథే జరుగుతుంది, పై ఆకులే మందంతా తీసుకుంటాయి. పీకపురుగుకు చెరకు చెత్త కప్పడం, ట్రైకోగ్రామా కార్డులు కట్టడం ఇప్పటికీ చవకైన దారులు.

మందు కొట్టే మనిషి గురించి అమ్మేవాళ్లు చెప్పరు. చాలా చోట్ల ఆ మనిషి కూలీ, లేకపోతే కౌలు రైతు. మన ఒళ్లు కూడా తడిదే, కాళ్లు నేల మీదే ఉంటాయి. తుంపరకు ఆకు, మనిషి తేడా తెలియదు, దగ్గరున్న దాన్ని పట్టుకుంటుంది. పైగా సన్న తుంపర ఊపిరిలోకి పోతుంది. 1971 క్రిమిసంహారక మందుల నిబంధనల్లో రక్షణ దుస్తులు, శ్వాస రక్షణ పరికరాల మాట ఉంది. పంపుకు సబ్సిడీ అడిగేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, బూట్లు కూడా దాంతోనే ఇవ్వమని అడగాలి. రబ్బరు బూట్లు వేసుకుంటే ఎర్త్ తెగుతుంది, పంపు మీద చార్జి పేరుకుని చురుక్కుమంటుంది. అందుకే నేలకు వేలాడే ఎర్త్ తీగ ఉందో లేదో చూడండి. బూట్లు విప్పేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

నీళ్లు తగ్గించినంత మాత్రాన ఎకరాకు మందు మోతాదు మన ఇష్టం కాదు. లేబుల్ మీద ఉన్నదే లెక్క. ఆ మందును తక్కువ నీటితో కొట్టడానికి అనుమతి ఉందో లేదో వ్యవసాయాధికారిని అడగండి.

చివరగా, మోసపోకుండా ఉండే మార్గం. రింగు తడిసినా, బ్యాటరీ దిగినా చార్జి పోతుంది, తుంపర మాత్రం అలాగే వస్తుంది. కంటికి తేడా తెలియదు. అందుకని రైతు సేవా కేంద్రం దగ్గర పదిమంది ముందు ప్రదర్శన పెట్టించండి. తడి తగిలితే నీలం రంగుకు మారే పసుపు పరీక్ష కాగితాలు దొరుకుతాయి. వంగ ఆకుల అడుగున వాటిని గుచ్చి, ఉత్త నీళ్లతో ఒకసారి చార్జి స్విచ్ వేసి, కొత్త కాగితాలు పెట్టి ఇంకోసారి స్విచ్ తీసేసి కొట్టమనండి. రెండు రకాల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే ఆ పంపును వచ్చిన ఆటోలోనే పంపించేయండి. తేడా బాగా ఉంటే, ఒక్కో రైతు అప్పు చేసి కొనకుండా ఊరికి ఒకటి అద్దె యంత్రాల కేంద్రంలో పెట్టమని అర్జీ రాద్దాం.