దయ్యాల నవలలో వ్యంగ్యం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట దయ్యాల ప్రస్తావన ఏమిటని పెద్దలు కోపగించుకోవద్దని మనవి. మా అబ్బాయి ఒక ఇంగ్లీషు నవల చదువుతూ పగలబడి నవ్వాడు. పుస్తకమేమో దయ్యాలది! భయపడవలసినచోట ఈ నవ్వెందుకా అని మేమూ చదివాము. జొనాథన్ స్ట్రౌడ్ వ్రాసిన ఆ 'ది స్క్రీమింగ్ స్టెయిర్‌కేస్' 2013లో వెలువడింది. 'లాక్‌వుడ్ అండ్ కంపెనీ' వరుసలోని ఐదు నవలలలో మొదటిది.

కథలోని ఇంగ్లండులో యాభై ఏళ్లకు పైగా దయ్యాల బెడద. వాటిని చూడగల కన్ను, వినగల చెవి పిల్లలకే ఉంటాయి. పెరిగేకొద్దీ ఆ శక్తి పోతుంది. అందుచేత చీకటి పడగానే పెద్దలు తలుపులు బిగించుకొంటారు. పిల్లలు కత్తులు, ఉప్పు, ఇనుప గొలుసులు పట్టుకొని పనిలోకి దిగుతారు. కాపాడవలసినవారిని పిల్లలే కాపాడుతున్నారు. నవలలోని వ్యంగ్యానికంతకూ పునాది ఇదే.

మనవారు వ్యాజస్తుతి అన్నారు; పొగడినట్లే పొగడి నిందించడం. అది మాటలోని వ్యంగ్యం. సంఘటనలోనూ వ్యంగ్యం ఉంటుంది. గిరీశం ఉపన్యాసాలకూ, నడతకూ గల దూరం చూచి నవ్వినవారికి ఇది కొత్త కాదు. ఇక్కడ లాక్‌వుడ్, లూసీ, జార్జి ఒక ఇంటి దయ్యం వదలగొట్టబోయి ఇంటినే తగలబెడతారు. 60 వేల పౌనుల అప్పు నెత్తిన పడుతుంది. ఆ అప్పు తీర్చే పనిని ఇచ్చినవాడు ఫేర్‌ఫాక్స్. దయ్యాలను ఆపే ఇనుముతో ధనవంతుడైనవాడు. తీరా చూస్తే, ఆ కాలిన ఇంట దొరికిన యువతి అస్థిపంజరానికి కారకుడు అతడే! దయ్యాలనుండి లోకాన్ని రక్షించే ఇనుము అమ్మినవాడే ఒక దయ్యాన్ని పుట్టించాడన్నమాట. చివరకు ఆ దయ్యం చేతిలోనే పోయాడు.

ఇంతవరకు మేమూ నవ్వాము. ఒక్కచోట నవ్వు ఆగిపోయింది. లండను రాకముందు లూసీ ఒక పెద్దమనిషి పర్యవేక్షణలో పనిచేసింది. ఒక మిల్లు దగ్గర ఏదో కీడు తోస్తున్నదని ఆమె అంటే, ఆయన లక్ష్యపెట్టక పిల్లలను లోపలికి పంపాడు. ఆమె తోటివారు చనిపోయారు. వినలేనివాడు వినగలదాని మాట త్రోసివేశాడు.

సోదరులారా, ఆ పెద్దమనిషిని మేము గుర్తుపట్టాము. ఈ ఊరి భాష మన పిల్లలకు మనకంటె బాగా వచ్చు. ఆస్పత్రిలో, అంగడిలో, ఆఫీసులో వారినే ముందుకు త్రోసి మాట్లాడిస్తాము. ఇంటికి రాగానే "చిన్నవాడివి, నీకేం తెలుసురా!" అంటాము. మా అబ్బాయి బడిలో తనను యాసకు వెక్కిరిస్తున్నారని రెండుమార్లు చెప్పబోయాడు. మేము పేపరు మడవనైనా లేదు. మూడవమారు వాడు చెప్పలేదు.

వ్యంగ్యం పని ఇదే. ముందు ఇతరులను చూపి నవ్విస్తుంది. పిదప అద్దం మనవైపు త్రిప్పుతుంది. కనుక పిల్లల చేతిలో ఇటువంటి పుస్తకం కనబడితే లాగుకోకండి. వారు ఎక్కడ నవ్వారో అడగండి, అడిగి, వినండి. మేము ఈ పండుగనుంచి పేపరు మడవడం నేర్చుకొంటున్నాము.