చేతులు మఱువని పనులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఇంటి పెద్దకు మఱపు వచ్చినదని తెలియగానే ఇంటివారు మొదట చేయునది ఆయన చేతిలోని పనిని తీసికొనుట. "మీకెందుకు మామయ్యా ఈ శ్రమ? కూర్చుండుడు" అందురు. ప్రేమతోనే అందురు. కాని నాటినుండి ఆ పెద్ద తన యింట తానే అతిథి యగును. పనిలేని చేతులకు కలవరము హెచ్చును.

తాళపుచెవి ఎచట పెట్టినదియు మఱచి, పిదప జ్ఞప్తికి తెచ్చుకొనుట వయోధర్మము. ఏండ్లతరబడి నడచిన వీధిలోనే దారి తప్పుట, ఇచ్చిన సొమ్మునే మరల నిచ్చుట వ్యాధిలక్షణములు. ఈ స్థితిని వైద్యులు డిమెన్షియా అందురు. దీనికి ముఖ్యకారణమైన వ్యాధిని 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ వర్ణించెను. భారతదేశమున 60 ఏండ్లు నిండినవారిలో నూటికి 7గురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మందికి, ఈ స్థితి కలదని 2023లో ప్రకటింపబడిన అంచనా. దీనిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు.

అయినను చేయదగినది చాల కలదు. జ్ఞాపకమంతయు మెదడులో ఒకేచోట నుండదు. నిన్నటి సంగతులను నిలుపు శక్తి ముందు సన్నగిల్లును. చేతులకు అలవడిన పనుల జ్ఞాపకము చాలకాలము నిలుచును. కనుకనే మనుమరాలి పేరు మఱచిన అవ్వ పూలు కట్టగలదు, వత్తులు చేయగలదు, బియ్యములో రాళ్లేరగలదు. రైతు పలుపు పేనగలడు, వేరుసెనగకాయలు ఒలువగలడు.

ఇటలీ దేశపు విదుషీమణి మరియా మాంటిస్సోరి 1907లో రోములో శిశువిద్యాలయమును స్థాపించెను. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. ఆమె పద్ధతిని 1990 తరువాతి దశకమున అమెరికాలో కామెరాన్ క్యాంప్ అను మనశ్శాస్త్రవేత్త ఈ వృద్ధులకు అన్వయించెను. పనిని చిన్న చిన్న మెట్లుగా విభజించుట, మాటతో చెప్పుటకు బదులు చేసి చూపుట, నిజమైన వస్తువులనే చేతికిచ్చుట అందలి సారము. అంతమాత్రమున వృద్ధుని పసివానిగా చూడరాదు. ఆటబొమ్మ లిచ్చుట అవమానము. తన బ్రతుకులో చేసిన పని నిచ్చుట గౌరవము.

కొన్ని నియమములు గుర్తుంచుకొనదగినవి. ఒకమారు ఒకే మాట చెప్పవలెను. "జ్ఞాపకమున్నదా?" అని పరీక్షింపరాదు. బట్ట వంకరగా మడిచినను ఆయన యెదుట సరిదిద్దరాదు. ఇంటికి తానింకను ఉపయోగపడుచున్నానను తృప్తియే ఫలము, మడత కాదు. సాయంకాలమున పలువురికి కలవరము హెచ్చును గనుక పని ఉదయముననే పెట్టుట మేలు. అలసినచో ఆపవలెను. నిప్పు, కత్తి దూరముగా నుంచవలెను.

ఇందు గ్రంథాలయమునకును పాలు కలదు. ఒకరు చదువుచుండ పదుగురు వినుట పల్లెలకు క్రొత్త కాదు. వారమున కొక ఉదయము ఇట్టి పెద్దలను పిలిచి, వారెఱిగిన పద్యములు, కథలు మెల్లగా చదివి వినిపింపవచ్చును. ఊరి పాత ఛాయాచిత్రములను చూపి మాటాడింపవచ్చును. పత్రికలను వరుసగా పేర్చు పనిని ఒకరికి ఒప్పగింపవచ్చును. రేయింబవళ్లు వారిని కనిపెట్టియుండు కోడలికో, కూతురికో ఆ గంట విశ్రాంతి దొరకును.

పోయిన జ్ఞాపకమును తిరిగి తెచ్చు శక్తి ఊరికి లేదు. మిగిలియున్న నేర్పునకు చోటు చూపు శక్తి మాత్రము ప్రతి యింటికిని కలదు.