బడి గ్లాసులో రాగిజావ ఎవరి పొలంలోది?

(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023 మార్చిలో రాగిజావ మొదలుపెట్టారు. వారానికి మూడు రోజులు, బెల్లం వేసి. మిగతా మూడు రోజులు వేరుశనగ చిక్కీ. మంచి పనే. పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చే పిల్లలు ఎందరో మనకు తెలుసు. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో పది దగ్గరే.

మరి ఆ గ్లాసులో రాగులు ఎవరివి? బడికి పిండి సంచుల్లో వస్తుంది, పండించిన ఊరు పేరు దానిమీద ఉండదు. రాగులనండి, చోళ్లనండి, తైదలనండి, మెట్టపొలంలో తక్కువ నీటితో పండేది మన పంటే. 2025-26కు కేంద్రం క్వింటాలుకు 4,886 రూపాయల మద్దతు ధర చెప్పింది. కల్లం దగ్గర కొనేవాడు లేకపోతే ఆ ధర ఎవరికి? నేనూ పోయిన ఏడు దళారి చెప్పిన రేటుకే పోసి వచ్చాను.

బ్రెజిల్‌లో 2009లో చట్టమే చేశారు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల పంటే కొనాలని అప్పుడు అందులో పెట్టారు. అలాంటి లెక్క మనకూ కావాలి.

ఇంకో మాట. ఉప్పు, నూనె, చక్కెర ఎక్కువున్న సరుకు బడి గేటుకు 50 మీటర్లలోపు అమ్మకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. మీ ఊరి బడి ముందు కొట్టు ఓసారి చూడండి, చిప్సు ప్యాకెట్లు ఎలా వేలాడుతున్నాయో!

బడులకు కావలసిన రాగులు, వేరుశనగ మద్దతు ధరకు జిల్లా రైతుల దగ్గరే కొనాలని కలెక్టరుగారికి అర్జీ రాశాం. కాగితం గుమ్మం దగ్గర బల్లమీద ఉంది. సంతకం పెట్టాకే భోజనాలకు కదలండి.