ఫసలీ మాసములు చెప్పు కథ
(ధర్మపురి పఠనాలయమున నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



మన ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల పాతయిండ్లలో నిజాము కాలపు భూమిపత్రము లింకను గలవు. వానిలోని తేదీలను జూడుడు: ఆజుర్, దై, బహమన్, ఆర్దిబెహిష్త్, మెహర్, ఆబాన్. ఇవి హైదరాబాదు సంస్థానపు ఫసలీ మాసములు. అక్టోబరు 6వ తేదీన ఆజురుతో సంవత్సరము మొదలగుచుండెను. నాటి ఫసలీ సంఖ్యకు డిసెంబరు వరకు 590, జనవరి నుండి 591 కలిపినచో క్రీస్తుశకము తేలును.

ఈ పేళ్ళు ఇస్లాము మతమునకు జెందినవి కావు. ఇవి జరతుష్ట్ర మతస్థులు కొలిచిన దివ్యశక్తుల నామములు. ఆజుర్ అగ్ని, ఆబాన్ జలములు, బహమన్ సద్బుద్ధి, ఆర్దిబెహిష్త్ పరమసత్యము. మెహర్ మన వేదములలోని మిత్రునకు సోదరుడు.

651లో యజ్దగిర్దు మరణముతో పారశీక సామ్రాజ్య మంతరించెను. జరతుష్ట్రీయులు జిజియా చెల్లించి బ్రదుకవలసిన ప్రజలైరి. అయినను వారి విద్య లేక క్రొత్త ప్రభువులకు బని జరుగలేదు. ఇరాకులో ఏడవ శతాబ్దాంతము వరకును రాజ్యపు లెక్కలు పారశీకముననే సాగెను. హిజ్రీ చాంద్రవత్సరము సౌరవత్సరముకంటె సుమారు 11 దినములు తక్కువ. పంట యా లెక్కకు బండదు గదా! 895లో ఖలీఫా ముతాదిద్ శిస్తు గడువు పంటకు సరిపడునట్లు నౌరోజును జూను మాసమునకు జరిపెను. ఇట్టి యవసరమే మొగలాయీల కాలమున ఫసలీని బుట్టించెను. మన పంచతంత్రమును పహ్లవీనుండి అరబ్బీలోనికి దెచ్చిన ఇబ్నుల్ ముకఫ్ఫా సయితము జరతుష్ట్రీయ కుటుంబమున బుట్టినవాడే.

విద్య గౌరవింపబడెను, మరి విద్యనిచ్చినవారి గతి యేమి? వారి సంఖ్య క్షీణించెను. తొమ్మిది, పది శతాబ్దములలో వారి యాచార్యులు మిగిలిన జ్ఞానమును దేన్‌కర్తు గ్రంథమున గూర్చి భద్రపఱచిరి. ఇరానులో వారిపై జిజియా 1882 వరకును దొలగలేదు. 1854లో బొంబాయి పారసీల పక్షమున నచటికేగిన మానెక్‌జీ లింజీ హతారియా దీర్ఘకాలము పాటుపడిన పిమ్మట గాని యది రద్దు కాలేదు. ప్రభువుల పంచాంగమున దమ దేవతల పేళ్ళుండుట వారికి రక్షణ కాజాలకపోయెను.

దీనిని ఒక మతముపై మోపుట న్యాయము కాదు. 1010లో షానామాను ముగించి ప్రాచీన పారశీక గాథలను నిలిపిన ఫిర్దౌసి ముస్లిము. దానమును గైకొని దాతను మఱచుట అధికారముయొక్క దోషము; అది యే మతస్థుల చేతనున్నను నట్లే ప్రవర్తింపగలదు.

సికింద్రాబాదున పారసీల యగ్నిదేవాలయము 1847 నుండి యున్నది. 2011 జనగణనలో భారతదేశమంతట వారు 57,264 మంది. నేడు ప్రజాస్వామ్యమున అధిక సంఖ్య గలవారము మనము. అల్పసంఖ్యాకుల వంటకములను, పాటలను, మాటలను మెచ్చుకొనుట సులభము. వారి పిల్లల బడి, వారి భాష, వారి శ్మశానభూమి, కచేరీలో వారి యర్జీ: వీనియెడ మనము చూపు న్యాయమే మన జాతీయతకు గీటురాయి.

మీ యింటి పాతపత్రములను చెదల పాలు సేయకుడు. ఉర్దూ నేర్చిన పొరుగింటి పెద్దను ఈ పఠనాలయమునకు గౌరవముతో బిలిచి, వానిని చదివించుకొనుడు. మన భూముల చరిత్ర మనకు దెలియుటకు ఆయన విద్యయే నేడు మనకు దిక్కు.