నమ్మదగిన సంఖ్య: డిగ్రీ భౌతికశాస్త్రం నేర్పేది

భౌతికశాస్త్రంలో డిగ్రీ చదివే విద్యార్థి తొలి ఏడాదిలోనే పట్టుకోవలసిన నేర్పు ఒకటుంది: తాను కొలిచిన సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలగడం. ఇందుకు ప్రయోగశాలలోని లఘులోలకం చాలు.

మీటరు పొడవున్న లోలకం ఒకసారి ఊగి రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కే వేలు 0.2 సెకను అటూ ఇటూ అయితే, ఒక్క డోలనం కొలతలో దోషం 10 శాతం. 20 డోలనాలు కలిపి కొలిస్తే ఆ తడబాటే 40 సెకన్ల మీద పరచుకుని 0.5 శాతానికి దిగుతుంది. గురుత్వ త్వరణం లెక్కలో కాలం వర్గంగా వస్తుంది కనుక అక్కడది 1 శాతం. పొడవులో 2 మిల్లీమీటర్ల పొరపాటు తెచ్చేది 0.2 శాతమే. దారం దగ్గర తంటాలు పడేకంటే మరిన్ని డోలనాలు లెక్కపెట్టడం మేలు.

హోసూరు దగ్గరి డెంకణికోటలో ఈ త్వరణం సుమారు 9.78 మీ/సె², పుస్తకంలో 9.8. ఆ తేడా ఇలాంటి ప్రయోగానికి అందదు. అయినా 9.8 రప్పించడానికి రికార్డులో అంకెలు దిద్దే విద్యార్థులుంటారు. మార్కులు పడతాయేమో గాని, ప్రయోగం చేసిన ఫలం దక్కదు. 9.7 వచ్చిందనీ, దోషం 0.1 ఉండవచ్చనీ రాసిన రికార్డే సరైనది.

హోసూరులో తయారయ్యే టైటాన్ క్వార్ట్జ్ గడియారాలలోనూ ఉన్నది ఎక్కువ డోలనాలు లెక్కపెట్టే ఉపాయమే. స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఫ్లిప్‌ఫ్లాప్ వలయాలు ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క స్పందన మిగులుతుంది. ఎలక్ట్రానిక్స్ పేపరును పరీక్ష గట్టెక్కడానికే చదివేవారు గమనించవలసిన సంగతి ఇది.

కలన గణితం, అవకలన సమీకరణాలు, కొంత కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఎలాగూ తప్పవు. చేసిన పనిని ఇంకొకరు తిరిగి చేయగలిగేంత స్పష్టంగా రాయడం మాత్రం ఎవరూ విడిగా నేర్పరు.

లక్ష్యం సంగతికి వస్తే, భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం దారి చూడదగినది. హైదరాబాదు నిజాం కళాశాలలో బి.ఎస్‌సి. ముగించి, రామన్ ఫలితం వెలువడిన 1928లోనే కలకత్తాలో రామన్ దగ్గర పరిశోధనకు చేరారు. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులయ్యారు. 1957లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. ఈనాడు ఆ సంస్థలోనూ ఐ.ఐ.టి.లలోనూ పై చదువులకు జామ్ పరీక్ష ఒక ద్వారం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ వేసవి ఫెలోషిప్పుతో డిగ్రీలో ఉండగానే పరిశోధన రుచి చూడవచ్చు. పరిశోధన వద్దనుకునేవారికి హోసూరు కర్మాగారాల్లో నాణ్యతా పరీక్ష, పరికరాల క్రమాంకనం వంటి పనులున్నాయి. అక్కడ కూడా అడిగేది కొలతలో దోషమెంత అనే.