దద్దుర్లు: గుర్తింపు, చికిత్స
(ఛత్రినాకలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఆషాఢమాసమున ఈ ఛత్రినాక ప్రక్కనే యున్న లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనములకు పల్లెలనుండి బంధువులు వచ్చుట వాడుక. నేడు మీరును ఇచ్చటికి విచ్చేసితిరి గనుక, అమ్మవారు పోసినదని జనులు తరచుగా భ్రమపడు నొక చర్మవ్యాధిని గూర్చి మనవి చేసెదను. అది దద్దుర్లు. ఉర్దూ మాటలాడువారు దీనిని 'పిత్తి' యందురు.

ఉన్నట్టుండి చర్మముపై ఉబ్బులు లేచును. కొన్ని దోమకాటంత, కొన్ని అరచేయి యంత. దురద విపరీతము. నల్లని చర్మముపై ఎరుపు కానరాకపోవచ్చును. వ్రేలితో తడిమినచో ఉబ్బు తెలియును. ముఖ్యమైన గుర్తు వేరొకటి గలదు. ఏ దద్దురైనను ఒక్కచోట సాధారణముగా 24 గంటలకు మించి నిలువదు. ఉదయము తొడపై నున్నది సాయంకాలమునకు మాసిపోవును. వీపుపై మరియొకటి లేచును. మచ్చ మిగులదు. సందేహము గలిగినచో దద్దురు చుట్టును కలముతో గీత గీసి మరునాడు చూడుడు.

మశూచి 1975 తరువాత మన దేశమున లేదు. నేడు అమ్మవారనునది చాలవరకు ఆటలమ్మయే. ఆటలమ్మలో జ్వరము తగులును, పొక్కులలో నీరు చేరును, అవి ఎండి పెచ్చులు కట్టును. దద్దురులలో నీరు లేదు, పెచ్చు లేదు. ఇది అంటువ్యాధియు కాదు. పిల్లవానిని బడి మాన్పించి వేపమండల నడుమ పరుండబెట్ట నక్కఱలేదు. దురద లేక, స్పర్శ లేక, పాలిపోయిన మచ్చ వారములకొలది నిలిచినచో మాత్రము అది దద్దురు కాదు. కుష్ఠు పరీక్షకు పంపవలెను.

చర్మములోని కొన్ని కణములు హిస్టమిన్ అను పదార్థమును విడుదల చేయగా, సన్నని రక్తనాళములనుండి ద్రవము ఊరి ఈ ఉబ్బు కలుగును. పిల్లలలో జలుబు వంటి వైరస్ వ్యాధులు తరచైన కారణము. కొందరికి వేరుసెనగ, గ్రుడ్డు, చేప, రొయ్య పడవు. కొందరికి పెన్సిలిన్ వంటి మందులు, ఆస్పిరిన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు పడవు. కందిరీగ, తేనెటీగ కాటు వలనను రావచ్చును. పెక్కుసార్లు కారణమే దొరకదు. మన యిండ్లలో మొదటి నేరము వంకాయపై మోపుదురు. పిమ్మట గోంగూర, గ్రుడ్డు, పప్పు ఒక్కొక్కటిగా మాన్పించి, తుదకు బిడ్డకు చారన్నమే మిగుల్చుదురు. తిన్న కొద్దిసేపటికే, తిన్న ప్రతిసారియు లేచిననే ఆహారమును శంకింపవలెను. ఆరు వారములు దాటియు వచ్చుచున్న దద్దురులకు ఆహారము కారణమగుట అరుదు. వాటిని వైద్యునికి చూపవలెను.

చికిత్స సులభము. చల్లని తడిగుడ్డ వేయుడు, వదులైన నూలుబట్ట కట్టుడు. గొంగళితో రుద్దుట, వేడినీళ్లు పోయుట దురదను పెంచును. పెద్దలకు సెటిరిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర దినమున కొకటి చాలును. పిల్లలకు, గర్భిణులకు, మూత్రపిండముల వ్యాధి గలవారికి వైద్యుడే మోతాదు నిర్ణయింపవలెను. ఏవిల్ వంటి పాత మాత్రలు మత్తు గలిగించును. సెటిరిజిన్ వలనను కొందరికి మగత కలుగును. మాత్ర వేసికొని ట్రాక్టరు నడపరాదు, తాటిచెట్టు నెక్కరాదు. దద్దురు లేచినప్పుడెల్ల డెక్సామెథసోన్ సూది వేయించుకొను అలవాటు కొన్ని యూళ్లలో గలదు. అది మంచిది కాదు. పదేపదే వేసినచో మధుమేహము, రక్తపుపోటు, ఎముకల బలహీనత దాపురించును.

ఇక ప్రాణాపాయమైన స్థితి. నాలుక గాని గొంతు గాని వాచుట, గొంతు బొంగురుపోవుట, ఆయాసము, పిల్లికూతలు, మాటిమాటికి వాంతులు, తల తిరిగి పడిపోవుట — ఇవి దద్దురులతో కలిసి వచ్చినచో నిమిషములలో మనిషి దక్కకపోవచ్చును. అప్పుడు మాత్రను నమ్ముకొనరాదు. ఎడ్రినలిన్ సూది తొడ వెలుపలి కండకు వేయవలెను, పెద్దలకు 0.5 మిల్లీగ్రాము. తగ్గనిచో 5 నిమిషములకు మరల వేయుదురు. రోగిని పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచుడు, ఆయాసపడుచున్నచో కూర్చుండబెట్టుడు, నడిపింపకుడు. వెంటనే 108కు ఫోను చేయుడు.

ఛత్రినాకలో ఇట్టి యాపద వచ్చినచో, చార్మినారు దాటగనే మూసీ యొడ్డున ఉస్మానియా ఆసుపత్రి గలదు. పల్లెలో ఆ సదుపాయ మెక్కడిది? కావున మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి విచారింపుడు. ఎడ్రినలిన్ నిలువ యున్నదా? దాని గడువు తీరలేదు గదా? రాత్రివేళ సూది వేయువా రెవరు? టీకాల దినమున ఏ.ఎన్.ఎం. వద్ద ఆ మందు గల కిట్టు ఉన్నదా? 108 రాక ఆలస్యమైనచో ఎవరి వాహనము కదలును? ఈ సంగతులు గ్రామసభలో అడిగి వ్రాయించుడు. ఏ మందు వలన ఆపద కలిగెనో దాని పేరు చీటిపై వ్రాసి ఆ మనిషి తన జేబులో నుంచుకొనవలెను. పొరుగూరి వైద్యునికి మొదట ఆ చీటి చూపినచో అదే సూది మరల పడదు.