కలానికి అన్‌డూ ఉండదు

కలంకారీ చీర రేటు విని "బొమ్మలకి ఇంతా?" అనుకునేవాళ్లు ఒకసారి శ్రీకాళహస్తి రావాలి. ఇక్కడి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే.

వర్క్‌ప్లేస్ అంటే స్టూడియో ఏం కాదు. ఇంట్లో ఒక గది, పరిచిన గుడ్డ, రంగు గిన్నెలు. కలం అంటే వెదురు పుల్ల. మొనకి కాస్త పైన ఉన్ని చుట్టి దారం కడతారు. ఆ ఉన్ని నొక్కితే రంగు దిగుతుంది. గీత తప్పితే కంట్రోల్-జెడ్ లేదు మరి!

గుడ్డని ముందే కరక్కాయ, గేదెపాలు కలిపి నానబెడతారు. పాల వల్ల రంగు పాకదు. నలుపు కోసం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు రాస్తారు.

చిక్కంతా ఇక్కడే. ఎక్కువైన పటిక పోవాలంటే పారే నీళ్లు కావాలి. నిల్వ నీళ్లలో ముంచితే అది పక్కకి అంటుకుని, తర్వాత ఎర్ర మరకలు తేలతాయి. అంటే స్వర్ణముఖి కూడా వాళ్ల వర్క్‌షాపే. ఆ ఏట్లో చాలా నెలలు ఇసకే కనిపిస్తుంది.

కొనేముందు చీరలో ఒకేరకం ఆకులు రెండు పక్కపక్కన చూడండి. అచ్చంగా ఒకేలా ఉంటే అది చేత్తో గీసింది కాదు. మచిలీపట్నం కలంకారీ వేరు, అది చెక్క అచ్చుల పని. దాని సంగతి ఇంకో ఎపిసోడ్‌లో.